లెక్కల్లో ముందుకి పంపే ముందు: ఏడు, ఎనిమిది తరగతుల్లో ఏది కుదించాలి, ఏది కుదించకూడదు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తల్లిదండ్రులు, లెక్కల మాస్టర్ల సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చేయండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ బోర్డు మీద రాయాల్సింది చాలా ఉంది, అక్కడి నుంచి కనబడదు.

మొదట ఒక ప్రశ్న. మీ అబ్బాయి ఏడో క్లాసు. పక్కింటి అబ్బాయీ ఏడో క్లాసే. పక్కింటివాడు ట్యూషన్లో తొమ్మిదో క్లాసు లెక్కలు చేసేస్తున్నాడని మీకు తెలిసింది. ఆ రాత్రి నిద్ర పడుతుందా? పట్టదు. మర్నాడు పొద్దున్నే మీరూ ట్యూషన్ మాస్టారి గుమ్మంలో ఉంటారు. పై క్లాసుల లెక్కలు ముందే చెప్పే ఫౌండేషన్ కోర్సుల వ్యాపారమంతా ఆ పట్టని నిద్ర మీదే నడుస్తోంది.

ముందుకి పంపడం తప్పని నేను అనను. కొంతమంది పిల్లలకి ఏడో క్లాసు పుస్తకం నిజంగానే చాలదు. నాలుగో రోజుకే అర్థమైపోయిన పాఠాన్ని ఇరవై రోజులు చెప్తుంటే వాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు, పక్కవాణ్ణి గిల్లుతాడు, ఆఖరికి లెక్కలంటేనే విసుగొచ్చి వదిలేస్తాడు. వాణ్ణి ఆపడం అన్యాయమే. కానీ ముందుకి పంపడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మధ్యలో కొన్ని పాఠాలు దాటేసి పోవడం. రెండోది, అన్నీ చెప్తూనే తెలిసినచోట తక్కువ రోజులు, తెలియనిచోట ఎక్కువ రోజులు పెట్టడం. బయట అమ్మేదంతా మొదటి రకం. నేను చెప్పబోయేది రెండో రకం. దీన్ని కుదింపు అందాం.

ఈ గొడవ మన దగ్గరే కాదు, అమెరికాలో ఎన్నో ఏళ్ళుగా ఉంది. అక్కడ బీజగణితం మామూలుగా తొమ్మిదో క్లాసులో మొదలవుతుంది. ఎనిమిదిలోనే పెట్టాలా వద్దా అన్నది తగువు. శాన్ ఫ్రాన్సిస్కోలో 2014లో ఎనిమిదిలోంచి తీసేశారు, ఎవరికీ వద్దన్నారు. పదేళ్ళు కొట్టుకుని 2024లో మళ్ళీ తేవాలని తీర్మానించారు. నార్త్ కరోలినాలో షార్లెట్ వైపు ఇంకో రకం: అంతంత మాత్రం మార్కులొచ్చే పిల్లల్ని కూడా గుంపుగా ఎనిమిదిలో బీజగణితానికి తోశారు. ఆ పిల్లలకి బీజగణితంలో మార్కులూ తగ్గాయి, తర్వాతి జ్యామితిలోనూ వెనకబడ్డారు. అందరికీ వద్దన్నా చెడింది, అందరికీ కావాలన్నా చెడింది. మరి ఎవరికి? అది తేల్చడానికి పరీక్ష కావాలి. తల్లిదండ్రుల పట్టుదలని బట్టి తేల్చకూడదు.

ఎవరికి అన్నది ముందు చూద్దాం. నా సలహా ఏంటంటే, ఆరో క్లాసులో ఎవర్నీ కదపొద్దు. ఆరులో పిల్లలు నాలుగైదు ఊళ్ళ ప్రైమరీ బళ్ళ నుంచి వచ్చి ఒక గదిలో కూర్చుంటారు. ఒకడికి భాగహారం వచ్చు, ఒకడికి రాదు. ఆ తేడా తెలివిలోది కాదు, చెప్పినవాళ్ళలోది. ఒక ఏడాది అందరికీ ఒకేలా చెప్పాక, ఆరు పూర్తయ్యేటప్పుడు పరీక్ష పెట్టండి. క్లాసులో అందరికీ పెట్టండి. అడిగినవాళ్ళ పిల్లలకే పెడితే, అడగడం తెలియని అమ్మానాన్నల పిల్లలు మిగిలిపోతారు. ఆడపిల్లలు మిగిలిపోతారు. కొండమీద నుంచి వచ్చే సవర పిల్లలు మిగిలిపోతారు. టెక్సస్ రాష్ట్రంలో 2023లో దీనికోసం చట్టమే చేశారు: ఐదో క్లాసు పరీక్షలో పైనున్న 40 శాతం మందిని బడే ముందు లెక్కల్లో వేయాలి, వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసివ్వాలి. 40 శాతం ఎక్కువా తక్కువా అన్నది పక్కన పెట్టండి. అడగకపోయినా పేరు ఉండడం, ఆ పద్ధతి మంచిది.

పరీక్షలో మూడు భాగాలు. మొదటిది ఆరో క్లాసు మీద 20 ప్రశ్నలు. 18 రావాలి. రెండోది ఏడో క్లాసు సంవత్సరాంత పేపరు, ఇంకా చెప్పని పాఠాల మీద. టైము పెట్టకండి, గంట ఎక్కువ పట్టినా పట్టనీయండి. దీనిలో 70 శాతం దాటితే ముందుకి పంపొచ్చు. 40కి తగ్గితే వద్దు. మధ్యలో ఉన్నవాళ్ళని మూడో భాగం తేలుస్తుంది, 70 దాటినవాళ్ళకీ అది పెట్టండి. మూడోది నోటితో. పది నిమిషాలు, నాలుగు ప్రశ్నలు, వాడు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలో.

ఆ నాలుగూ బోర్డు మీద రాస్తున్నాను, కావాలంటే రాసుకోండి.

ఒకటి. 8 + 4 = డబ్బా + 5. డబ్బాలో ఎంత? నవ్వకండి. ఎక్కాలు గడగడా అప్పజెప్పేవాళ్ళు కూడా 12 అంటారు. కొందరు 17 అంటారు. ఎందుకు? వాడికి సమానం గుర్తు అంటే 'జవాబు ఇక్కడ రాయి' అని. ఐదేళ్ళుగా ఎడమవైపు లెక్క, కుడివైపు జవాబు, అంతే చూశాడు. రెండు వైపులా ఒకటే బరువు అన్న సంగతి ఎవరూ చెప్పలేదు. 7 అనని పిల్లాణ్ణి సమీకరణాల్లోకి తీసుకెళ్తే వాడు గుర్తులు అటూ ఇటూ తోయడం నేర్చుకుంటాడు, అంతే.

రెండు. 12/13 + 7/8 సుమారుగా ఎంత? కచ్చితంగా వద్దు, సుమారుగా. ఒకటా, రెండా, పంతొమ్మిదా, ఇరవై ఒకటా? ఇది 1978లో అమెరికా జాతీయ పరీక్షలో 13 ఏళ్ళ పిల్లలకి ఇచ్చిన ప్రశ్న. రెండు అన్నవాళ్ళు 24 శాతం. మిగతావాళ్ళలో ఎక్కువమంది 19, 21 అన్నారు: పైవి పైవీ కలిపితే 19, కిందవి కిందవీ కలిపితే 21. వాళ్ళకి 12/13 అంటే ఒక సంఖ్య కాదు, గీత మీద ఒకటి, గీత కింద ఒకటి, రెండు సంఖ్యలు. మన పిల్లలకి ఇచ్చి చూడండి.

మూడు. ఇడ్లీ పిండి. 2 గ్లాసుల మినప్పప్పుకి 5 గ్లాసుల రవ్వ. 3 గ్లాసుల పప్పుకి ఎంత రవ్వ? ఏడున్నర. 6 అన్నవాడు 'పప్పు ఒకటి పెరిగింది, రవ్వా ఒకటి పెంచాను' అంటాడు. వాడు ఇంకా కూడికలోనే ఉన్నాడు, నిష్పత్తిలోకి రాలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త: 4 గ్లాసుల పప్పు అని అడక్కండి. రెట్టింపు అందరికీ తెలుసు, 10 అనేస్తారు, మీకు ఏమీ తెలియదు. మూడు అని అడిగితేనే బండారం బయటపడుతుంది.

నాలుగు. నౌపడ నుంచి మన ఊరి మీదుగా గుణుపురం దాకా రైలు దారి 90 కిలోమీటర్లు అనుకోండి. వెళ్ళేటప్పుడు బండి గంటకి 45 చొప్పున వెళ్ళింది, వచ్చేటప్పుడు 30 చొప్పున వచ్చింది. మొత్తం మీద సగటు వేగం? ఆ బండి అంత వేగంగా వెళ్తుందా అని అడక్కండి, లెక్క కోసం అనుకున్నాం. 37న్నర అంటారు. వెళ్ళడానికి 2 గంటలు, రావడానికి 3. మొత్తం 180 కిలోమీటర్లు, 5 గంటలు. 36. ఇది చెప్పలేకపోయినా ఫరవాలేదు, కానీ మీరు 'ఎన్ని గంటలు పట్టింది?' అని ఒక్క మాట అందించగానే వాడు తనంతట తాను దిద్దుకుంటే, ఆ పిల్లాడు సిద్ధంగా ఉన్నట్టే.

మొదటి మూడూ చెప్పగలిగితే మధ్యలో ఉన్నవాళ్ళని కూడా పంపండి. రెండోదో మూడోదో తప్పితే, పేపర్లో 80 వచ్చినా ఆపండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు మన ఊరి సంగతి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పరీక్షలో తప్పు వస్తే అది లెక్క రాక వచ్చిందా, మాట తెలియక వచ్చిందా? ఇది తేల్చకుండా ఎవర్నీ తీసెయ్యకండి. చూడండి, తెలుగులో మనం క.సా.గు. అంటాం, గ.సా.భా. అంటాం. చివరి అక్షరాన్ని బట్టి కూడా తేడా తెలుస్తుంది. ఒడియాలో ల.సా.గు., గ.సా.గు. రెండూ 'గు'తోనే ఆగుతాయి. మనవాడు మొదటి అక్షరం సరిగ్గా చూడకపోతే అంతే, క.సా.గు. అడిగితే గ.సా.భా. చేసేస్తాడు. మనం నిష్పత్తి అనేదాన్ని ఒడియాలో అనుపాత అంటారు. మనం అనుపాతం అనేదాన్ని సమానుపాత అంటారు. అంటే మాట ఒకటే, అర్థం ఒక మెట్టు జరిగిపోయింది. ఇక ఒడియా మాస్టారి దగ్గరికి వెళ్ళి 'నిష్పత్తి' అంటే ఆయన ఏదో నిర్ణయం గురించి అడుగుతున్నావనుకుంటారు, ఆ భాషలో ఆ మాటకి అర్థం అది. భిన్నం అంటే భగ్నాంశ, వైశాల్యం అంటే క్షేత్రఫళ, చుట్టుకొలత అంటే పరిసీమా.

అంకెలు ఇంకో తలనొప్పి. ఒడియా అంకెల్లో నాలుగు చూడ్డానికి అచ్చం మన 8లా ఉంటుంది. ఇంట్లో ఒక రకం, పుస్తకంలో ఒక రకం అంకెలు చూసే పిల్లాడు 4/12 ని 8/12 అని చదివేసి, తర్వాత అంతా సరిగ్గానే చేస్తాడు. జవాబు తప్పు. మీరు జవాబు మాత్రమే చూస్తే సున్నా వేస్తారు. ముందుకెళ్ళగల పిల్లాడు అక్కడ ఆగిపోతాడు. అందుకని పేపరు రెండు భాషల్లో ఇవ్వండి, ఎదురెదురుగా. ఆంధ్రా వైపు తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో అచ్చేసిన బడి పుస్తకాలున్నాయి. పాతపట్నం పక్కనే కదా, ఒక సెట్టు తెచ్చి బళ్ళో పెట్టుకోండి. గిడుగు రామమూర్తిగారు మాట్లాడే భాషలో చదువు చెప్పాలని వాదించింది ఈ ఊళ్ళో పనిచేస్తూనే. సవర పిల్లల కోసం ఆయన సవర భాషే నేర్చుకున్నారు. మనం పది మాటల పట్టిక ఒకటి గోడకి అంటించలేమా?

సరే. ఎవరో తేలింది. ఎలా?

ఏడు, ఎనిమిది, రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ఏడో క్లాసు మొత్తం, ఎనిమిదో క్లాసు మొత్తం, తొమ్మిదిలో బీజగణితం, నిరూపక జ్యామితి. తొమ్మిదిలోని సిద్ధాంతాల నిరూపణలు మాత్రం ముందే వద్దు, అవి తొమ్మిదిలోనే చేయనివ్వండి. పన్నెండేళ్ళ పిల్లాడు నిరూపణని బట్టీ పట్టేస్తాడు, అది పాడైపోయినట్టే.

రోజులు లెక్కేద్దాం. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా ఏడాదికి 220 పని దినాలు. రోజుకి ఒక లెక్కల పీరియడు, రెండేళ్ళకి 440. నవ్వుతున్నారు మాస్టార్లు. నిజంగా అన్ని దొరకవని నాకూ తెలుసు, పోయేవి ఎలా చెప్పినా పోతాయి, కాయితం మీద లెక్క చూద్దాం. తొమ్మిదిలోంచి తెచ్చే భాగానికి 90 పీరియడ్లు కావాలి. భిన్నాలు, నిష్పత్తి, రుణ సంఖ్యలు, ఈ మూడింటికీ మామూలు కంటే ఇంకో 20 ఎక్కువ కావాలి. అవును, ఎక్కువే. మొత్తం 110 పీరియడ్లు ఎక్కడో మిగల్చాలి.

ఎక్కడ? ఎనిమిది మొదట్లో పాతది తిప్పి చెప్పే 20 రోజులు, అది వీళ్ళకి అక్కర్లేదు. ఏడులో చెప్పిందే ఎనిమిదిలో మళ్ళీ వచ్చే పాఠాలున్నాయి: ఘాతాంకాలు, గ్రాఫులు, దత్తాంశం, వైశాల్యాలు. పుస్తకం మారినా, పాఠం పేరు మారినా ఇవి తిరిగొస్తాయి. రెండు సార్లు వచ్చేదాన్ని ఒకసారి పెద్దగా చెప్తే 40 మిగులుతాయి. తెలిసిన లెక్కల్నే అభ్యాసాల్లో మళ్ళీ మళ్ళీ చేయించడం తగ్గిస్తే 25. ప్రతి అభ్యాసంలో ఆఖరి నాలుగు లెక్కలు ముందు చేయించండి. అవి వస్తే మొదటి పన్నెండూ వదిలేయండి. ఇవి 85. మిగతా 25 వేసవిలో, ఏడుకీ ఎనిమిదికీ మధ్య, రోజుకి ఒక గంట, పొద్దున్న ఎండెక్కక ముందు. 85, 25 కలిపితే 110. సరిపోయింది.

ఇందులో మీరు గమనించారా, భిన్నాల దగ్గర నేను ఒక్క రోజు కూడా మిగల్చలేదు, పైగా కలిపాను. బయట ఫౌండేషన్ పేరుతో చెప్పేవాళ్ళు మొదట తగ్గించేది దాన్నే. 'భిన్నాలు చిన్నప్పుడే అయిపోయాయి కదా' అంటారు. అయిపోలేదు. బీజగణితంలో పిల్లలు పడేది ఎక్స్ దగ్గర కాదు, ఎక్స్ కింద 3 ఉన్నప్పుడు. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న తప్పితే ఆపమన్నది ఇందుకే.

ఒక పిల్లాడి నోటుపుస్తకంలో ఎలా ఉంటుందో చూపిస్తాను, బోర్డు చూడండి. 3ఎక్స్ = 12. కింద వరసలో ఎక్స్ = 12 − 3. కింద ఎక్స్ = 9. దీన్ని చూసి 'అజాగ్రత్త' అని ఎర్ర ఇంకుతో రాస్తాం. అజాగ్రత్త కాదది. వాడికి మనమే చెప్పాం, 'ఇటు నుంచి అటు తీసుకెళ్తే గుర్తు మారుతుంది' అని. వాడు 3ని అటు తీసుకెళ్ళాడు, గుర్తు మార్చాడు. మన మాట అక్షరాలా విన్నాడు! తొందరలో ఉన్న మాస్టారు చెప్పే మాట అది, 'అటు తీసుకెళ్ళు'. దాని బదులు రెండు వైపులా ఒకటే పని చేయించండి: రెండు వైపులా 3తో భాగించు, రెండు వైపులా 5 తీసెయ్. మొదటి మూడు వారాలు ప్రతి వరస పక్కనా ఏం చేశాడో మాటల్లో రాయించండి. నెమ్మదిగా ఉంటుంది, ఉండనీయండి. నాలుగో వారం నుంచి వాడే మానేస్తాడు, అప్పటికి పర్వాలేదు.

ఇంకోటి. 5 − 2(ఎక్స్ − 3). సరైంది 11 − 2ఎక్స్. పిల్లలు రెండు రకాలుగా తప్పుతారు. ఒకడు ముందు 5లోంచి 2 తీసేసి 3(ఎక్స్ − 3) అంటాడు, ఎడమ నుంచి కుడికి చదివాడు. ఇంకొకడు 5 − 2ఎక్స్ − 6 అంటాడు, రుణం లోపలికి వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగిపోయింది. మొదటివాడికి కుండలీకరణాలు రావు, రెండోవాడికి రుణ సంఖ్యల గుణకారం రాదు. మందు వేరు. ఇద్దరికీ ఒకటే పది లెక్కలు హోంవర్కు ఇస్తే ఇద్దరికీ నయం కాదు.

ప్రతి ఆరు వారాలకీ 12 ప్రశ్నల పేపరు. నాలుగు ఇప్పటి పాఠం మీద, నాలుగు రెండు నెలల కిందటివి, నాలుగు పోయినేడాదివి. పాత పాఠాల ఎనిమిది ప్రశ్నల్లో ఆరు రాకపోతే ఒక వారం కొత్త పాఠం ఆపండి. వరసగా రెండుసార్లు అలా అయితే పిల్లాణ్ణి మామూలు వేగానికి తెచ్చేయండి. ఎప్పుడు తేవాలి? ఏడులో దసరాకి ఒకసారి, ఏడు ఆఖర్న ఒకసారి, వెనక్కి రావడానికి తలుపు తీసి ఉంచండి. ఇది మొదట్లోనే ఇంట్లో చెప్పాలి, 'దసరాకి చూస్తాం, కుదరకపోతే మామూలుగా చదువుతావు' అని. తర్వాత చెప్తే వాడికి ఫెయిలైనట్టుంటుంది. చుట్టాలకి మాత్రం అప్పుడే చెప్పకండమ్మా. ఊరంతా చెప్పుకున్నాక వెనక్కి తేలేరు.

మాస్టార్లు అడుగుతారు, బళ్ళో లెక్కలకి ఒక్కణ్ణే ఉన్నాను, రెండు రకాలుగా ఎలా చెప్పను? ఏడో క్లాసు పిల్లాణ్ణి ఎనిమిదో క్లాసు లెక్కల పీరియడుకి పంపేద్దాం అని ఒక ఆలోచన వస్తుంది. చేయకండి. ఆ టైములో వాడి క్లాసులో వేరే పాఠం ఉంటుంది, ఎక్కువసార్లు అది ఒడియాయో సోషలో అవుతుంది. మన తెలుగు పిల్లలకి ఒడియా పీరియడు పోతే పదిలో ఎవరు తీరుస్తారు? దాని బదులు వాడు తన క్లాసులోనే ఉంటాడు, వారానికి ఒక కాయితం చేస్తాడు, మీరు వారానికి రెండుసార్లు పావుగంట చొప్పున వాడి పక్కన కూర్చుంటారు. ఆ కాయితం మామూలు హోంవర్కుకి బదులు. రెండూ కలిపి ఇవ్వకండి. రెండూ ఇస్తే తెలివైన పిల్లాడికి తెలివికి శిక్ష వేసినట్టు.

మొదలుపెట్టే ముందు ఇంకో ప్రశ్నకి జవాబు ఉండాలి: ఈ పిల్లాడు తొమ్మిదిలోకి వచ్చాక ఏం చేస్తాడు, ఎవరు చెప్తారు? జవాబు లేకపోతే మొదలుపెట్టకండి. అయిపోయిన బీజగణితాన్నే తొమ్మిదిలో మళ్ళీ ఏడాది కూర్చుని వింటే మొదటి విసుగే తిరిగొస్తుంది. అప్పుడు పొడుగ్గా కాకుండా వెడల్పుగా తీసుకెళ్ళండి. సంఖ్యావాదం, లెక్కపెట్టే పద్ధతులు, పజిల్సు. ఎనిమిది నుంచి పన్నెండు దాకా పిల్లలు రాసే గణిత ఒలింపియాడ్ మొదటి మెట్టు, ఐ.ఓ.క్యూ.ఎం., అలాంటిదే: 3 గంటలు, 30 ప్రశ్నలు, జవాబు 0 నుంచి 99 లోపు పూర్ణసంఖ్య. దానికి పై క్లాసు సిలబస్ ముందే చదివితే పెద్ద లాభం లేదు. ఒక లెక్క మీద అరగంట కూర్చునే ఓపిక కావాలి.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను, మీరు అడిగేలోపు. ఎనిమిదిలో రాసే కేంద్ర ప్రభుత్వ ఎన్.ఎం.ఎం.ఎస్. స్కాలర్‌షిప్పు ఏడాదికి 12,000, తొమ్మిది నుంచి పన్నెండు దాకా, నాలుగేళ్ళకి 48,000. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడులో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 5 తగ్గుతుంది. అది సర్కారు బడి, ఎయిడెడ్ బడి పిల్లలకే. ఫౌండేషన్ కోర్సు ఉందని ఏడులో ప్రైవేటు బడికి మార్చేస్తే, ఫీజు కట్టి మరీ ఆ 48,000 వదులుకున్నట్టు. నవోదయలో తొమ్మిదిలో చేరే పరీక్షలో 100కి 35 మార్కులు లెక్కలవి, ఎనిమిదో క్లాసు స్థాయివి. ఈ రెండు పరీక్షలకీ ఎనిమిదో క్లాసు గట్టిగా ఉండాలి, అంతే. తొమ్మిది, పది అక్కర్లేదు. 'ఈ పరీక్షల కోసమే ముందుకి పంపుతున్నాం' అని ఎవరైనా అంటే నమ్మకండి.

ప్రశ్నల కాయితాలు ఆ బల్ల మీద ఉన్నాయి, ఒడియా, తెలుగు రెండూ. ఇంటికెళ్ళి ఇవాళే మొత్తం పేపరు పెట్టేయకండి. మొదట డబ్బా ప్రశ్న, ఇడ్లీ పిండి ప్రశ్న, ఈ రెండే అడగండి. తప్పు చెప్తే దిద్దొద్దు, 'ఎలా చేశావు?' అని అడిగి వాడు చెప్పింది చెప్పినట్టు కాయితం వెనక రాసి మాస్టారికి ఇవ్వండి. అమ్మా, రెండో వరసలో మీరు చెయ్యెత్తారు, చెప్పండి.